విభజన పాఠంలో స్త్రీల జ్ఞాపకాలు: అసలు కథనంలో ఉండాలా, పక్కన పెట్టెలో ఉండాలా?

సాక్షిలేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థుల కోసం సిద్ధమవుతున్న ఒక చరిత్ర పుస్తకంలో 1947 నాటి దేశ విభజన గురించిన అధ్యాయం రాసే బాధ్యత నా మీద పడింది. రాజకీయ చర్చలు, సరిహద్దుల నిర్ణయం, కోటి మందికి పైగా జనం ఇళ్ళూ పొలాలూ విడిచి అటూ ఇటూ తరలిపోవడం, ఇవన్నీ చెప్పిన తర్వాత, పంజాబులో స్త్రీల మీద జరిగిన హింస గురించి, దాన్ని అనుభవించి బతికి బయటపడినవాళ్ళ మాటల ఆధారంగా రాశాను. ఆ నాలుగు పేజీలూ సంపాదకుల దగ్గర ఆగిపోయాయి. జ్ఞాపకాలు ఆధారాల కిందికి రావు కాబట్టి వాటిని పేజీ పక్కన పెట్టె కట్టి వేద్దామని, అసలు పాఠంలో ప్రభుత్వ లెక్కలూ ఒప్పందాలూ చట్టాలూ ఉంటే సరిపోతుందని వారు అంటున్నారు.

వారి అభ్యంతరాలను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఈ జ్ఞాపకాలలో ఎక్కువ భాగం 1984లో ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన హింస తర్వాత, బాధితుల శిబిరాల్లో పనిచేసిన కొందరు స్త్రీవాద పరిశోధకులు వెనక్కి తిరిగి 1947 గురించి అడగడం మొదలుపెట్టాక నమోదైనవి. అంటే మధ్యలో దాదాపు నలభై ఏళ్ళు గడిచిపోయాయి. ఒకే సంఘటన గురించి ఇద్దరు చెప్పిన తేదీలు కలవవు. ఎవరో చెప్పగా విన్నది తమ కళ్ళతో చూసినట్టు గుర్తుండిపోవడమూ జరగవచ్చు.

అయినా మనసు ఒప్పడం లేదు. రెండు దేశాల్లో కలిపి సుమారు 75,000 మంది స్త్రీలు అపహరణకు గురయ్యారన్న అంచనాను అందరూ రాస్తారు. ఆ అంకె అసలు పాఠంలో ఉండి, ఆ స్త్రీలలో ఒక్కరైనా చెప్పిన మాట పెట్టెలోకి పోతే, జరిగింది ఒకటి, ఆ స్త్రీలకు అనిపించింది ఇంకొకటి అన్నట్టు విద్యార్థికి అర్థమవుతుంది. పైగా పెట్టెలో ఉన్నది పరీక్షకు రాదని విద్యార్థులందరికీ తెలుసు. సంపాదకులకు నేను ఏమని సమాధానం చెప్పాలి? జ్ఞాపకాన్ని ఆధారంగా నిలబెట్టాలంటే ఎలాంటి జాగ్రత్తలు తీసుకోవాలి?


పాతకాగితం

సాక్షిలేఖ గారూ, మీ సంపాదకులు జ్ఞాపకాన్ని అడిగిన ప్రశ్నలు న్యాయమైనవే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు అని అడగవలసిందే. అయితే అవే ప్రశ్నలను వారు కాగితాన్ని కూడా అడగాలి. మీ అధ్యాయంలోనే దీనికి అన్నిటికంటే గట్టి ఉదాహరణ ఉంది.

1947 డిసెంబరు 6న రెండు ప్రభుత్వాలూ అపహరణకు గురైన స్త్రీలను వెతికి వెనక్కి అప్పగించుకోవాలని ఒప్పుకున్నాయి. ఆ పని కోసం భారత ప్రభుత్వం 1949లో ఒక చట్టం చేసింది. 1947 మార్చి 1 తర్వాత, 1949 జనవరి 1 లోపు కుటుంబం నుంచి విడిపోయి, వేరే వ్యక్తి దగ్గరో వేరే కుటుంబం దగ్గరో ఉంటున్న ముస్లిం స్త్రీ ఏ వయసుదైనా అపహరణకు గురైనట్టే ఆ చట్టం లెక్క. ఆమె తన ఇష్టంతో ఉంటున్నదా, బలవంతం మీద మొదలైన బతుకే అయినా తర్వాత అక్కడే పిల్లల్ని కని స్థిరపడిందా, తిరిగి వెళ్ళాలని కోరుకుంటున్నదా లేదా అన్నవి ఆ నిర్వచనంలో లేనే లేవు. పోలీసులు ఆమెను శిబిరానికి తీసుకువెళ్ళవచ్చు, సందేహం వస్తే ట్రిబ్యునల్ తేలుస్తుంది. 1957 వరకు సాగిన ఈ పనిలో సుమారు 30,000 మందిని అటూ ఇటూ అప్పగించినట్టు లెక్కలు చెబుతున్నాయి.

ఇప్పుడు ఆ లెక్కలను మీరు ప్రధాన కథనంలో పెడతారు. ఆ అంకె తప్పు కాకపోవచ్చు. కానీ అది కొలిచింది ఎందరు చేతులు మారారన్న విషయాన్ని మాత్రమే. వాళ్ళలో ఎందరు సంతోషంగా వచ్చారు, ఎందరు ఏడుస్తూ వచ్చారు, ఎందరు శిబిరం నుంచి పారిపోవాలని చూశారు అన్నది ఆ కాగితాలు అడగలేదు గనుక వాటిలో దొరకదు. అది దొరికేది ఆ స్త్రీల మాటల్లోనూ, ఆ పనిలో స్వయంగా తిరిగిన అనీస్ కిద్వాయి, కమలాబెన్ పటేల్ వంటివారు తర్వాత రాసుకున్న జ్ఞాపకాల్లోనూ. వెనక్కి వెళ్ళడానికి ఎదురుతిరిగిన స్త్రీలను చూసి ఆ కార్యకర్తలకు తాము చేస్తున్న పని మీదనే సందేహం కలిగింది. ఇంత ముఖ్యమైన విషయం చట్టం పాఠంలో లేదు, అప్పగింతల పట్టికలో లేదు. జ్ఞాపకాన్ని పెట్టెలోకి తోసేస్తే 1949 చట్టం ఏం చేసిందో మీ విద్యార్థికి సగమే తెలుస్తుంది.

ముందు కాగితం ఉండాలి, తర్వాత జ్ఞాపకం దాన్ని అలంకరించాలి అన్న అభిప్రాయం కూడా సరికాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ సైన్యం కోసం కొరియా తదితర ప్రాంతాల స్త్రీలను లైంగిక బానిసత్వంలోకి నెట్టిన ఉదంతాన్ని గుర్తు చేసుకోండి. ఆ పని ప్రైవేటు దళారులు చేశారని జపాన్ ప్రభుత్వం 1990లో తమ పార్లమెంటులో చెప్పింది. 1991 ఆగస్టు 14న కిమ్ హక్ సున్ అనే కొరియన్ స్త్రీ తన పేరు, ముఖం దాచుకోకుండా బయటికి వచ్చి తనకు జరిగినదాన్ని చెప్పింది. ఆమె మాటలు విన్న జపాన్ చరిత్రకారుడు యోషిమి యోషియాకి రక్షణ సంస్థ గ్రంథాలయంలో వెతికి, ఆ స్త్రీలను ఉంచిన కేంద్రాల ఏర్పాటులో సైన్యం పాత్రను చూపే పత్రాలను బయటపెట్టాడు. అవి 1992 జనవరిలో పత్రికకు ఎక్కాయి. 1993 ఆగస్టు 4న జపాన్ ప్రభుత్వం తరఫున కేబినెట్ ప్రధాన కార్యదర్శి కోనో చేసిన ప్రకటన వెలువడి, సైన్యం ప్రమేయాన్ని ఒప్పుకుంది. ఆ పత్రాలు అప్పటిదాకా అల్మారాల్లోనే ఉన్నాయి. వాటిని వెతకాలన్న ప్రశ్న ఒక స్త్రీ నోట వచ్చేదాకా యాభై ఏళ్ళు పట్టింది. యుద్ధం ముగిసేటప్పుడు ఎన్నో సైనిక పత్రాలను తగలబెట్టారన్నది కూడా ఇక్కడ మరవకూడదు. నేరం చేసినవాడి చేతిలోనే రికార్డు గది తాళం ఉన్నప్పుడు, పత్రం లేదు కాబట్టి సంఘటన లేదు అనడం చరిత్ర రచన అనిపించుకోదు.


ఎదురుప్రశ్న

పాతకాగితం గారి మాటలతో నాకు పేచీ లేదు. కానీ స్త్రీల జ్ఞాపకాలు అన్నప్పుడు మనం ఎవరి జ్ఞాపకాలను అంటున్నామో కొంచెం నిలిచి చూడాలి. ఎందుకంటే స్త్రీల గురించి సమాజం దాచుకున్న జ్ఞాపకం ఒక్కోసారి స్త్రీల సొంత జ్ఞాపకాన్ని మింగేస్తుంది.

1947 మార్చిలో రావల్పిండి జిల్లాలోని థోవా ఖాల్సా గ్రామంలో సుమారు తొంభై మంది సిక్కు స్త్రీలు, దాడి చేసినవాళ్ళ చేతికి చిక్కకుండా ఉండేందుకు బావిలో దూకి ప్రాణాలు తీసుకున్నారు. ఏటా స్మరించుకునే ఆ కథలో వాళ్ళు వీరవనితలు, వంశ గౌరవం కాపాడినవాళ్ళు. దూకి కూడా బతికిన ఒక స్త్రీ తర్వాత పరిశోధకులకు చెప్పిన కథనం వేరు. బావి అప్పటికే శరీరాలతో నిండిపోవడం వల్ల ఆమె మునగలేదు. పండుగలా చెప్పుకునే కథలో ఆమెకు చోటు ఎక్కడ? అదే రోజుల్లో తండ్రులూ అన్నలూ తమ ఇంటి ఆడపిల్లలను తామే చంపిన సంఘటనలను కూడా ఆ కుటుంబాలు త్యాగాలుగానే చెప్పుకున్నాయి. ఆ పిల్లలను ఎవరైనా అడిగారా, వాళ్ళు ఒప్పుకున్నారా అన్న ప్రశ్న ఆ కథనాల్లో వినిపించదు. కాబట్టి సాక్షిలేఖ గారూ, ఒక జ్ఞాపకాన్ని పాఠంలోకి తెచ్చేటప్పుడు అది ఆ స్త్రీ చెప్పినదా, ఆమె తరఫున ఇంకెవరో చెప్పినదా అన్నది వాక్యంలోనే స్పష్టం చేయండి.

రెండో భయం ఇంకా పెద్దది. మూక హింస జరిగిన ప్రతిచోటా, మన ఆడవాళ్ళకు వాళ్ళు చేసినది అనే జ్ఞాపకం తర్వాతి హింసకు ఇంధనం అవుతూ వచ్చింది. విభజన పాఠంలో ఒక వైపు స్త్రీల మాటలు మాత్రమే ఉంటే, ఎంత నిజమైన మాటలైనా, ఆ పని కోసమే వాడుకుంటారు. హిందూ, సిక్కు, ముస్లిం స్త్రీలు ముగ్గురి మాటలూ ఒకే అధ్యాయంలో పక్కపక్కన కనిపించాలి.

ఇక తేదీల తేడా విషయం. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో 1944 అక్టోబరు 7న ఖైదీలు తిరగబడ్డారు. అక్కడి నుంచి బతికి వచ్చిన ఒక స్త్రీ నాలుగు పొగగొట్టాలు పేలిపోవడం చూశానని సాక్ష్యం చెప్పింది. నిజానికి దెబ్బతిన్నది ఒక్కటే కాబట్టి ఆమె సాక్ష్యం మొత్తం పనికిరాదని కొందరు చరిత్రకారులు అన్నారు. ఆ సాక్ష్యాన్ని నమోదు చేసిన మనోవైద్యుడు డోరీ లౌబ్ దానికి ఒప్పుకోలేదు. లెక్క తప్పినా, అక్కడ ఎదురుతిరగడం సాధ్యమైందన్న ఊహకందని సంగతికి ఆమె సాక్షి అని ఆయన వాదించాడు. నేను ఆయన వాదనలో సగాన్నే తీసుకుంటాను. పొగగొట్టాల లెక్కకు ఆమె మాట ఆధారం కాదు, అది ఒప్పుకోవాలి. ఖైదీలు ఆ క్షణాన్ని ఎలా చూశారన్నదానికి మాత్రం అంతకు మించిన ఆధారం దొరకదు. ఏ మాట దేనికి ఆధారమో విడదీసి చెప్పగలిగితే మీ సంపాదకుల అభ్యంతరానికి సమాధానం దొరికినట్టే. ఆ తిరుగుబాటుకు కావలసిన మందుగుండును ఆయుధ కర్మాగారంలో పనిచేసే ఖైదీ స్త్రీలే రహస్యంగా చేరవేశారు. వాళ్ళలో నలుగురిని 1945 జనవరిలో ఉరితీశారు. ఈ సంగతి కూడా బతికి మిగిలినవాళ్ళ మాటల వల్లనే ఎక్కువగా తెలిసింది.


న్యాయపీఠిక

న్యాయశాస్త్రం చదివినవాడిగా రెండు విషయాలు చేరుస్తాను.

మొదటిది, రువాండా. అక్కడ 1994లో జరిగిన జాతిహననంపై విచారణకు ఏర్పడిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందు టాబా అనే ప్రాంతపు మేయరు అకయేసు మీద మొదట దాఖలైన అభియోగాల్లో అత్యాచారాల ప్రస్తావనే లేదు. విచారణ మధ్యలో ఒక స్త్రీ, వేరే విషయం గురించి సాక్ష్యమిస్తూ, ఎవరూ అడగకుండానే తన చిన్న కూతురి మీద జరిగిన అత్యాచారం గురించి చెప్పింది. తర్వాత మరొక స్త్రీ తనకు జరిగినది చెప్పింది. ధర్మాసనంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ న్యాయమూర్తి నవనీతం పిళ్ళై ఆ మాటలను వదిలిపెట్టకుండా మరిన్ని ప్రశ్నలు వేశారు. 1997 జూన్‌లో అభియోగాలను సవరించారు. 1998 సెప్టెంబరు 2న వెలువడిన తీర్పు, అత్యాచారం కూడా జాతిహననానికి సాధనం కాగలదని అంతర్జాతీయ న్యాయస్థానాల చరిత్రలో మొదటిసారి తేల్చింది. అదే తీర్పు, భయంకరమైన అనుభవాలు ఎదుర్కొన్న సాక్షులు తేదీలు, కాలవ్యవధులు, దూరాలు చెప్పడంలో తడబడితే దాన్ని ఎలా చూడాలో విడిగా చర్చించింది. తడబాటు ఉన్నంత మాత్రాన సాక్ష్యాన్ని అవతల పారేయలేదు. ఒక మనిషికి యావజ్జీవ శిక్ష వేయడానికి సరిపోయిన ఆధారం ఒక పాఠానికి సరిపోదనడం ఎలా కుదురుతుంది?

రెండోది, పాతకాగితం గారు చెప్పిన 1949 చట్టం. దాన్ని పంజాబు హైకోర్టు కొట్టివేసింది. 1952లో సుప్రీంకోర్టు, పంజాబు రాష్ట్రానికీ అజైబ్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో, చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఈ చట్టం కింద ఒక స్త్రీని పట్టుకుని శిబిరానికి తరలించడం రాజ్యాంగం 22వ అధికరణ చెప్పే అరెస్టు కిందికి రాదని, కాబట్టి అరెస్టయినవాళ్ళకు ఉండే రక్షణలు ఆమెకు వర్తించవని అందులో ఉంది. ఆ తీర్పును విద్యార్థుల చేత చదివించండి, తర్వాత శిబిరాల్లో ఉన్న స్త్రీల మాటలు చదివించండి. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉంటేనే తీర్పు కూడా సరిగ్గా అర్థమవుతుంది.


శ్రోత

నేను కొంతకాలం మౌఖిక చరిత్ర రికార్డింగుల పని చేశాను. పైన అందరూ జ్ఞాపకం రాతలోకి వచ్చిన తర్వాతి సంగతులు చెప్పారు కాబట్టి, అది వచ్చే దారి గురించి నేను చెబుతాను.

ఒక వృద్ధురాలిని, తమ పేట తగలబడిన రోజుల గురించి అడుగుతున్నాను. ఆమె కొడుకు పక్కనే కూర్చుని తేదీలూ నాయకుల పేర్లూ అందిస్తున్నాడు. ఆమె ప్రతి వాక్యమూ మేమంతా అనే మొదలవుతోంది. ఫోను వచ్చి అతను లేచి బయటికి వెళ్ళాడు. అప్పుడు మొదటిసారి ఆమె నేను అన్నది. తేదీ చెప్పలేకపోయింది, కానీ, "చిన్నదానికి అప్పుడే కింది పళ్ళు వస్తున్నాయి, నోట్లో గుడ్డ పెట్టి ఏడుపు ఆపాను" అన్నది. ఆ చిన్నది పుట్టిన నెల ఇంట్లో రాసిపెట్టి ఉంది. దాన్నిబట్టి లెక్క వేస్తే, కొడుకు ఎంతో నమ్మకంగా చెప్పిన నెల కంటే ఆమె లెక్కే పత్రికల వార్తలతో కలిసింది. స్త్రీలకు తేదీలు గుర్తుండవని తేల్చేసే ముందు, వాళ్ళు కాలాన్ని దేనితో కొలుచుకున్నారో అడగాలి. నెలలు నిండటం, పాలు మాన్పించడం, పెళ్ళి, పంట, ఇవన్నీ లెక్కకట్టదగిన గుర్తులే.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష కాలపు అకృత్యాలను విచారించిన సత్య, సయోధ్య సంఘం ముందుకు వచ్చిన స్త్రీలు ఎక్కువగా తమ భర్తలకూ కొడుకులకూ జరిగినది చెప్పారు, తమకు జరిగినది చెప్పలేదు. ఈ సంగతిని కొందరు పరిశోధకులు ఎత్తిచూపిన మీదట, 1996, 1997 సంవత్సరాల్లో స్త్రీల కోసం ప్రత్యేక విచారణలు పెట్టారు. చెప్పడానికి తగిన చోటు ఏర్పాటయ్యాకే కొన్ని మాటలు బయటికి వస్తాయి. మన భాషలోనే 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఇందుకు తార్కాణం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ముప్పై ఏళ్ళు దాటాక నోరు విప్పి, పోరాటం గురించే కాకుండా, 1951లో అది ముగిశాక ఇళ్ళకు వెళ్ళమన్నప్పుడు తమకు ఎలా అనిపించిందో కూడా చెప్పారు. ఉద్యమం రాసుకున్న చరిత్రలో ఆ రెండో భాగానికి అప్పటిదాకా చోటు దొరకలేదు.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. చరిత్రకు చోటు ఇస్తున్నామని మనం అనుకుంటున్నప్పుడే ఆ మనిషికి ఉన్న చోటును లాగేసుకునే ప్రమాదం ఉంది. బంగ్లాదేశ్‌లో 1971 యుద్ధంలో అత్యాచారానికి గురైన స్త్రీలకు అక్కడి ప్రభుత్వం ‘వీరాంగన’ అనే గౌరవ నామం ఇచ్చింది. 1992 మార్చి 26న యుద్ధ నేరస్థులపై ఢాకాలో జరిపిన ప్రజా న్యాయస్థానానికి కొందరు గ్రామీణ స్త్రీలను తీసుకువచ్చారు. వాళ్ళ ఫొటోలు పత్రికల్లో అచ్చయ్యాయి. ఊరికి తిరిగి వెళ్ళాక వాళ్ళు ఎత్తిపొడుపులూ అవమానాలూ భరించవలసి వచ్చింది. దీనికి భిన్నంగా గ్వాటెమాలాలో, సైనిక స్థావరంలో స్త్రీలను లైంగిక బానిసత్వానికి గురిచేసిన సెపుర్ సార్కో కేసులో, 2016లో ఇద్దరు నిందితులకు శిక్ష పడే వరకు, మాయా జాతికి చెందిన కెక్చి స్త్రీలు ముఖాల మీద శాలువాలు కప్పుకునే కోర్టులో కూర్చున్నారు. వాళ్ళ మాట బలం ఏమాత్రం తగ్గలేదు. ఎంత చెప్పాలి, ఏ పేరుతో చెప్పాలి అన్నది ఆమె చేతిలోనే ఉండాలి.


సాక్షిలేఖ

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక పేజీలను మళ్ళీ రాయడం మొదలుపెట్టాను. ఇదివరకు చట్టం ఒక విభాగంలో, జ్ఞాపకాలు ఇంకొక విభాగంలో ఉండేవి. నేనే వాటిని విడదీసి, పెట్టెలోకి తోయడానికి వీలుగా ఉంచానని ఇప్పుడు తోస్తున్నది. కొత్త ముసాయిదాలో 1949 చట్టం నిర్వచనం, దాని వెంటనే దాన్ని ఎదిరించిన స్త్రీల మాటలు, తర్వాత 1952 తీర్పు, అన్నీ ఒకే వరసలో వస్తాయి. థోవా ఖాల్సా గురించి రెండు కథనాలూ ఇచ్చి, ఏది ఎవరు చెప్పినదో అక్కడే రాస్తున్నాను. ముస్లిం స్త్రీల మాటలు నా పేజీల్లో తక్కువగా ఉన్నాయి, వాటి కోసం వెతుకుతున్నాను.

శ్రోత గారికి ఒక ప్రశ్న. నేను వాడుతున్న కథనాలన్నీ అచ్చయిన పుస్తకాల నుంచి తీసుకున్నవే. వాటిలో ఒకామె అసలు పేరు వెల్లడై ఉంది. నేనూ ఆ పేరు రాయవచ్చునా?


శ్రోత

ఆమె ఆ పుస్తకం కోసం ఒప్పుకుంది, వేల మంది విద్యార్థుల చేతికి వెళ్ళే పాఠం కోసం కాదు. ఆమె మనుమలు ఆ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. ఊరు, జిల్లా, సంవత్సరం, ఆమె మాటలు ఉంటే పాఠానికి సరిపోతుంది కాబట్టి పేరు వదిలేయండి. సంకలనం చేసిన పరిశోధకురాలికి రాసి అడిగే వీలుంటే అడగండి. ఆ కుటుంబం ఇప్పుడు ఏమనుకుంటున్నదో ఆమెకు తెలిసి ఉండవచ్చు. కథనాన్ని కుదించవలసి వస్తే మధ్యలో ఆమె ఆగిన చోట్లను మాత్రం కలిపేయకండి. ఆగినట్టు తెలిసేలా చుక్కలు పెట్టండి, ఆ చుక్కలు దేనికో పాఠంలోనే ఒక వాక్యంలో చెప్పండి.